లెక్క తప్పని మోటారు, వాలిన నామం

సరూర్‌నగర్ చెరువు చుట్టుపక్కల, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ వరకు విజయవాడ రహదారికి ఇరువైపులా పెరిగిన కాలనీలలో ఇల్లు కట్టుకొనేవారి సింహద్వారాలకూ పూజగది తలుపులకూ కావలసిన చెక్కడపు పనిలో చాలా భాగం ఇప్పుడు సీఎన్‌సీ రూటర్ల చేతికి వచ్చింది. కంప్యూటర్‌లో గీసిన బొమ్మను అంకెల రూపంలో అందుకొని, గిర్రున తిరిగే కత్తిని అడ్డంగా, నిలువుగా, పైకీ కిందికీ నడిపిస్తూ చెక్కను తొలిచే ఈ యంత్రం పని చూసేవారికి తేలికగానే అర్థమవుతుంది కానీ, దానితో పొద్దస్తమానం పనిచేసేవారిని సైతం తికమకపెట్టే చిక్కు ఒకటి ఉంది. టేకు పలక మీద శంఖచక్రాల నడుమ తిరునామం చెక్కేటప్పుడు మొదట లావు కత్తితో చెక్కను పైపైన తీసివేసి, ఆ తరువాత సన్నని కొన గల కత్తిని పలక ఈ చివర నుంచి ఆ చివరకు వరుసలు వరుసలుగా గంటల తరబడి తిప్పుతారు. ఆ రెండో విడత ముగిశాక చూస్తే, మొదటి వరుసల వద్ద సరిగ్గానే కుదిరిన బొమ్మ చివరి వరుసలకు వచ్చేసరికి 2 మిల్లీమీటర్లు పక్కకు జరిగి ఉంటుంది. నిటారుగా నిలవవలసిన నామం కొద్దిగా వాలి ఉంటుంది. ఫైలులో తప్పు లేదు, చెక్క కదలలేదు, డ్రైవర్ తెర మీద ఒక్క అలారమూ రాలేదు. పైగా ఆ యంత్రానికి ఉన్నవి తమ స్థానాన్ని తామే క్షణక్షణం కొలుచుకొనే సర్వో మోటార్లు. అలాంటి మోటారు దారి తప్పడం ఎలా సాధ్యం?

నిజానికి మోటారు దారి తప్పలేదు, తనకు అందిన ఆజ్ఞను అది పొల్లుపోకుండా పాటించింది. ఆజ్ఞ చేరే దారిలోనే, అంటే మోషన్ కంట్రోలర్ నుంచి సర్వో డ్రైవర్ వరకు వెళ్లే రెండు మూడు మీటర్ల సన్నని తీగలలోనే, కొంత లెక్క జారిపోయింది.

ఎవరి లెక్క ఎవరికి తెలుసు

రూటర్‌లో పని మూడు అంచెలుగా సాగుతుంది. బొమ్మను చదివి, ఏ దిశలో ఎంత వేగంతో ఎంత దూరం వెళ్లాలో నిర్ణయించేది మోషన్ కంట్రోలర్. చెక్కపని రూటర్లలో ఇది తరచుగా చేతిలో ఇమిడే డీఎస్పీ హ్యాండిల్ రూపంలో ఉంటుంది, రిచ్‌ఆటో ఏ11 అలాంటిదే. ఆ నిర్ణయాన్ని అందుకొని మోటారుకు కావలసినంత కరెంటు పంపేది సర్వో డ్రైవర్. మోటారు వెనుక భాగాన బిగించి, ఇరుసు ఎంత తిరిగిందో కొలిచి డ్రైవర్‌కు తిరిగి చెప్పేది ఎన్‌కోడర్. 17 బిట్ల ఎన్‌కోడర్ ఒక్క చుట్టును 1,31,072 భాగాలుగా చూడగలదు. డ్రైవర్ ఈ కొలతను ఆజ్ఞతో పోల్చి, తేడా ఉంటే వేగాన్ని సవరించి, ఆ వేగానికి తగినట్టు కరెంటును సవరించి, ఈ పనినంతా సెకనుకు వేలసార్లు చేస్తుంది. సర్వో ఖచ్చితత్వం అంటే ఇదే.

గమనించవలసిన సంగతి ఏమంటే, ఈ సవరణల వలయం డ్రైవర్‌కూ మోటారుకూ మధ్యనే మూసుకొని ఉంటుంది. కంట్రోలర్ ఆ వలయానికి బయట నిలబడి ఆజ్ఞలు పంపుతుంది, అవి అందాయో లేదో తిరిగి అడగదు. ఒకప్పుడు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌లో లారీ నుంచి పెట్టెలు దించుతూ ఒకరు లెక్క పైకి చెబుతుంటే, మరోవైపు కూర్చున్న గుమస్తా విన్నదల్లా రాసుకొనేవాడనుకుంటే, సందడిలో ఒక కేక వినపడకపోయినా అతని పుస్తకంలో కొట్టివేత ఉండదు, కూడికలో తప్పు ఉండదు, కానీ మొత్తం మాత్రం అసలుకు సరిపోదు. సర్వో డ్రైవర్ ఆ గుమస్తా. తాను విన్నంతవరకు దాని లెక్క నిర్దుష్టం కనుకనే అది అలారం మోగించదు.

అంకెలతో యంత్రాన్ని నడిపే పద్ధతి కొత్తదేమీ కాదు. జాన్ పార్సన్స్ ఆలోచన నుంచి పుట్టిన మొదటి మిల్లింగ్ యంత్రాన్ని అమెరికాలోని ఎంఐటీ సర్వోమెకానిజమ్స్ ప్రయోగశాల 1952లో ప్రదర్శించింది. హైదరాబాద్ బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి ఈ రంగానికి మనుషులను తయారుచేస్తున్నది. అయితే ఆ విద్య పెద్ద కర్మాగారాల గోడల మధ్య ఉన్నంతకాలం వైరింగ్ పని కూడా తయారీదారు మనుషులే చేసేవారు. కాలనీలలోని చిన్న షెడ్డులకు రూటర్ వచ్చాక డ్రైవర్ ఒకచోట, కంట్రోలర్ మరోచోట, కరెంటు సరఫరా చేసే ఎస్‌ఎంపీఎస్ కోఠి గుజరాతీ గల్లీలో, బేరింగులు రాణిగంజ్‌లో కొని కలుపుకొనే రోజులు వచ్చాయి. వాటి మధ్య తీగలు మాత్రం ఎవరూ పెట్టెలో పెట్టి అమ్మరు.

తీగ మీద ప్రయాణించేది ఏమిటి

కంట్రోలర్ డ్రైవర్‌కు పంపేది "50 మిల్లీమీటర్లు ముందుకు పో" వంటి వాక్యం కాదు. అది పంపేది పల్సులను, అంటే తీగ మీద వోల్టేజీ ఒక్కసారి లేచి పడే చిన్న చిన్న తట్లను. ఒక తట్టు అందితే మోటారు ఒక అడుగు కదలాలి. ఆ అడుగు ముందుకా వెనక్కా అన్నది చెప్పడానికి దిశ తీగ అని మరొకటి ఉంటుంది. తట్ల సంఖ్య దూరాన్ని, అవి వచ్చే తొందర వేగాన్ని నిర్ణయిస్తాయి.

ఒక చుట్టుకు 10 మిల్లీమీటర్లు జరిపే బాల్ స్క్రూకు సర్వో మోటారును బిగించి, ఒక చుట్టుకు 10,000 పల్సులని డ్రైవర్‌లో అమర్చితే, ఒక్క పల్సుకు మిల్లీమీటరులో వెయ్యో వంతు, అంటే 1 మైక్రాను కదలిక వస్తుంది. ఎన్‌కోడర్ చుట్టుకు లక్షకు పైగా భాగాలు చూస్తున్నా 10,000 పల్సులకే ఒక చుట్టు పూర్తయ్యేలా ఈ రెండు లెక్కలను పొసగించే అమరికను ఎలక్ట్రానిక్ గేర్ అంటారు. పళ్ల చక్రాలు లేకుండా అంకెల నిష్పత్తితోనే గేరు పని చేయడం దాని సంగతి.

చక్కని ఖచ్చితత్వమే, కానీ దానికి ధర ఉంది. చెక్కడం లేని చోట కత్తి నిమిషానికి 20 మీటర్ల వేగంతో ఖాళీగా పరుగెత్తాలంటే సెకనుకు 3,33,333 పల్సులు ఆ తీగ గుండా వెళ్లాలి. డ్రైవర్లలో సాధారణంగా కనిపించే ఒంటితీగ పద్ధతి, అంటే ఒక ట్రాన్సిస్టర్ తీగను గ్రౌండుకు లాగి వదిలే ఓపెన్ కలెక్టర్ పద్ధతి, సెకనుకు 2 లక్షల పల్సుల వద్దే ఆయాసపడుతుంది. లాగినప్పుడు వోల్టేజీ చురుకుగా పడినా, వదిలినప్పుడు అది రెసిస్టర్ గుండా మెల్లగా పైకి రావాలి. అది పూర్తిగా లేవకముందే తరువాతి పల్సు వస్తే డ్రైవర్‌కు రెండూ కలిసి ఒకటిగా కనిపిస్తాయి. ఈ అమరికలో నిమిషానికి 12 మీటర్లు దాటని రూటర్ ఏ లోపమూ లేకుండా పనిచేసి, వేగం పెంచిన రోజు నుంచే లెక్క తప్పడం మొదలుపెడుతుంది. తొందర ఎక్కువైతే మోటారుకు బలం చాలడం లేదని ఆపరేటర్ అనుకొంటాడు; పెద్ద మోటారు కొన్నా ఫలితం ఉండదు.

జంట తీగల ఉపాయం

దీనికి విరుగుడు రెండు తీగల పద్ధతి. పల్సును ఒక తీగ మీద మామూలుగా, దాని జంట మీద తలకిందులుగా పంపితే, ఒకటి లేచినప్పుడు మరొకటి పడుతుంది. డ్రైవర్ ఏ తీగనూ విడిగా చూడదు, రెండింటి మధ్య తేడానే చూస్తుంది. దీన్ని డిఫరెన్షియల్ లేదా లైన్ డ్రైవర్ పద్ధతి అంటారు. చాలా డ్రైవర్లు ఈ పద్ధతిలో సెకనుకు 5 లక్షల పల్సులు తీసుకొంటాయి, కొన్ని అంతకు ఎన్నో రెట్లు తీసుకొంటాయి. వేగం ఒక్కటే దీని లాభం కాదు. బయటి అలజడి ఏదైనా వచ్చి తగిలితే పక్కపక్కనే ఉన్న రెండు తీగలకూ ఒకే మోతాదులో తగులుతుంది, తేడా మాత్రం మారదు. ఆ మోతాదు నిజంగా సమానంగా ఉండాలంటే ఏ తీగా అలజడికి ఎక్కువసేపు దగ్గరగా ఉండకూడదు కాబట్టి రెండింటినీ పేనుతారు. టెలిఫోను తీగల కోసం అలెగ్జాండర్ గ్రాహంబెల్ 1881లో పేటెంటు పొందిన ఈ పేనిన జంట నేటికీ మారలేదు. పల్సు తీగ ఒక జంటలోనూ దాని తలకిందుల తీగ మరో జంటలోనూ పడేలా రంగులు చూసుకోకుండా కలిపితే, ఖరీదైన కేబుల్ వేసినా పేనిన ఫలితం దక్కదు. ఈ పొరపాటు కంటికి కనిపించదు, మల్టీమీటర్‌కూ దొరకదు.

అలజడి ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవడానికి దూరం వెళ్లనక్కరలేదు. కత్తిని తిప్పే స్పిండిల్ నిమిషానికి 24,000 చుట్లు తిరగాలంటే దానికి ఇంటి కరెంటు 50 హెర్ట్‌జ్ చాలదు, 400 హెర్ట్‌జ్ కావాలి. ఆ మార్పు చేసే వీఎఫ్‌డీ అనే పెట్టె కరెంటును సెకనుకు వేలసార్లు టక్కున కోసి టక్కున కలుపుతుంది. ఆ ప్రతి కోతకూ వందల వోల్టులు మైక్రోసెకను కన్నా తక్కువ సమయంలో లేచి పడతాయి. స్పిండిల్ తీగా పల్సు తీగా ఒకే గొలుసు ట్రేలో పక్కపక్కన పడుకొని ఉంటే, మధ్యలో ఉన్న ప్లాస్టిక్ తొడుగు ఆ కుదుపును ఆపలేదు. అది చిన్న కెపాసిటర్‌లా పనిచేసి పల్సు తీగ మీద దొంగ తట్లను పుట్టిస్తుంది. స్పిండిల్ ఆపి నడిపితే బొమ్మ సరిగ్గా వచ్చి, స్పిండిల్ తిరిగితేనే తప్పుతుంటే కారణం దాదాపుగా ఇక్కడే ఉంటుంది.

ఇటువంటప్పుడు అందరికీ మొదట గుర్తొచ్చేది ఎర్తింగ్. షెడ్డు వెనుక బొగ్గూ ఉప్పూ వేసి తవ్విన ఎర్త్ పిట్‌లో నీళ్లు పోయడం ఎండాకాలంలో మామూలు దృశ్యమే, మనుషుల ప్రాణరక్షణకు అది తప్పనిసరి కూడా. కానీ వీఎఫ్‌డీ కుదుపులు భూమిలోకి ఇంకిపోయి మాయమయ్యేవి కావు; అవి పుట్టిన చోటికే, అంటే వీఎఫ్‌డీకే, దగ్గర దారిలో తిరిగి చేరాలని చూస్తాయి. స్పిండిల్ కేబుల్‌కు లోహపు అల్లిక గల షీల్డ్ వేసి, దాని ఒక కొసను స్పిండిల్ శరీరానికీ రెండో కొసను వీఎఫ్‌డీ ఎర్త్ బిందువుకూ వెడల్పాటి క్లిప్పుతో బిగిస్తే ఆ దారి దొరుకుతుంది. అల్లికను విప్పి తోకలా మెలిపెట్టి ఒక స్క్రూ కింద నొక్కితే, చూడటానికి కనెక్షన్ ఉన్నా అధిక పౌనఃపున్యానికి ఆ తోక మూసిన తలుపుతో సమానం. పిట్ మరింత లోతుగా తవ్వించడం కన్నా, పవరు తీగలనూ సిగ్నలు తీగలనూ సుమారు 30 సెంటీమీటర్ల ఎడంలో ఉంచి, దాటక తప్పని చోట అడ్డంగా దాటించడం వలన ఎక్కువ మేలు జరుగుతుంది.

పెట్టె: 24 వోల్టులూ ఒక చిన్న రెసిస్టరూ

డ్రైవర్ పల్సు ద్వారం వెనుక ఆప్టోకప్లర్ అనే చిన్న భాగం ఉంటుంది. లోపల ఒక వైపు ఎల్‌ఈడీ, ఎదురుగా కాంతిని గుర్తించే ట్రాన్సిస్టర్ ఉండి, సంకేతం వెలుతురుగా మారి ఖాళీని దాటడం వలన రెండు వైపుల కరెంటులు ఒకదానినొకటి తాకవు. ఆ ఎల్‌ఈడీకి సుమారు 10 మిల్లీయాంపియర్లు చాలు. కంట్రోలర్ 5 వోల్టుల సంకేతం ఇస్తే నేరుగా కలపవచ్చు. 24 వోల్టులు ఇస్తే దారిలో 2 కిలో ఓములకు దగ్గరి రెసిస్టర్ ఉండాలి, లేకుంటే ఎల్‌ఈడీ మాడిపోతుంది. ఆ రెసిస్టర్ మీద 0.2 వాట్ల వేడి పుడుతుంది కనుక పావు వాటుది పెడితే అంచున నిలిచినట్టే. అర వాటుది మేలు. కొన్ని డ్రైవర్లలో ఈ రెసిస్టర్ లోపలే ఉండి, 24 వోల్టులకు వేరే పిన్ను కేటాయించి ఉంటుంది. మాన్యువల్‌లో ఆ ఒక్క పుట చదవకుండా పని మొదలుపెట్టరాదు.

దిశ మారే క్షణం

మొదట చెప్పిన వాలిన నామానికి వేగమూ అలజడీ రెండూ కారణం కాకపోవచ్చు. ఆ వాలు ఎప్పుడూ ఒకే వైపుకు, వరుసవరుసకూ సమానంగా పెరుగుతూ ఉంటే చూడవలసింది దిశ తీగను. కంట్రోలర్ దిశ మార్చిన మరుక్షణమే పల్సు పంపితే, దిశ మారిన సంగతి డ్రైవర్‌కు ఇంకా తెలియకముందే పల్సు చేరి, వెనక్కి వేయవలసిన అడుగు ముందుకు పడుతుంది. ఒక అడుగు పోవడంతో పాటు తప్పు దిశలో ఒక అడుగు పడింది కనుక తేడా రెండు అడుగులు. అందుకే దిశ తీగ స్థిరపడిన తరువాత కొన్ని మైక్రోసెకన్లు ఆగి మొదటి పల్సు పంపాలని ప్రతి డ్రైవర్ మాన్యువల్ కోరుతుంది, కంట్రోలర్ అమరికలలో ఆ విరామాన్ని పెంచే చోటు కూడా ఉంటుంది.

వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఇదే పొరపాటు జరిగితే ఒకదాని తప్పును మరొకటి చెరిపేస్తుంది కదా అన్న సందేహం న్యాయమైనదే. చెరిపేయకపోవడానికి కారణం ఆప్టోకప్లర్ స్వభావం: అది వెలుతురు అందుకొని మేలుకోవడానికి పట్టే సమయం కన్నా వెలుతురు ఆగాక నిద్రపోవడానికి పట్టే సమయం ఎక్కువ. అందువలన దిశ ఒక వైపుకు మారినప్పుడు విరామం సరిపోయి, రెండో వైపుకు మారినప్పుడు చాలకపోవచ్చు. తప్పు ఒక వైపుకే జరుగుతుంది, పేరుకుంటుంది.

పేరుకొనే తీరు లెక్కకు అందుతుంది. 600 మిల్లీమీటర్ల ఎత్తు పలకను 0.3 మిల్లీమీటర్ల ఎడంతో గీస్తే 2,000 వరుసలు, అంటే 1,000 రాకపోకలు. ఒక్కొక్క రాకపోకకు రెండు పల్సుల చొప్పున, పల్సుకు 1 మైక్రాను చొప్పున, మొత్తం తేడా సరిగ్గా 2 మిల్లీమీటర్లు. పల్సు ఏ అంచున లెక్కకు వస్తుందన్న అమరిక, అంటే వోల్టేజీ లేచేటప్పుడా పడేటప్పుడా అన్నది, కంట్రోలర్‌లో ఒకలా డ్రైవర్‌లో మరోలా ఉన్నా ఇదే రోగం వస్తుంది. తీగ మార్చకుండా, ఒక అమరిక మార్చితే నయమవుతుంది.

మూడు ఫేజుల పాత అలవాటు

తెలంగాణలో బోరు మోటారు బిగించిన ప్రతి ఎలక్ట్రీషియన్‌కూ తెలిసిన విద్య ఒకటి ఉంది: మోటారు వెనక్కి తిరిగితే మూడు తీగలలో ఏవో రెంటిని అటుదిటు మార్చడం. ఆ చేయి అలవాటు సర్వో వద్ద పనికిరాదు. డ్రైవర్ నుంచి మోటారుకు వెళ్లే యు, వి, డబ్ల్యు తీగలలో ఏది ఎప్పుడు ఎంత కరెంటు మోయాలో డ్రైవర్ ఎన్‌కోడర్ కోణాన్ని చూసి నిర్ణయిస్తుంది. రెండు తీగలు మారితే అయస్కాంత క్షేత్రం ఒక వైపుకు లాగుతుంటే ఎన్‌కోడర్ మరో కథ చెబుతుంది. డ్రైవర్ సవరించాలని మరింత బలం పెట్టే కొద్దీ తేడా పెరిగి, మోటారు ఉలిక్కిపడి అలారంతో ఆగుతుంది, లేదా ఆగేలోపు గాంట్రీని, అంటే స్పిండిల్‌ను మోసే అడ్డ దూలాన్ని, గోడకు కొడుతుంది. తిరిగే దిశ మార్చాలంటే డ్రైవర్‌లోనో కంట్రోలర్‌లోనో ఒక అంకె మార్చాలి. లైను నుంచి వచ్చే కరెంటును పొరపాటున యు, వి, డబ్ల్యు బిందువులకు ఇస్తే డ్రైవర్ ఆ క్షణమే కాలిపోతుంది. ఎంసీబీ దించిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణాంతకమైన వోల్టేజీ కొంతసేపు నిలిచి ఉంటుంది కనుక, చార్జ్ దీపం ఆరి, మాన్యువల్ చెప్పిన సమయం గడిచేదాకా బిందువులను ముట్టరాదు.

ఆగవలసిన చోట ఆగడం

కదిలించే తీగల మీద ఉన్న శ్రద్ధ ఆపే తీగల మీద ఉండదు. షెడ్డులలో ప్రమాదం పొంచి ఉండేది ఇక్కడే. డ్రైవర్‌కు ఏదైనా ఇబ్బంది వస్తే అది అలారం బిందువు ద్వారా కంట్రోలర్‌కు చెప్పగలదు, కానీ ఆ తీగను చాలామంది కలపరు, ఎందుకంటే కలపకపోయినా యంత్రం నడుస్తుంది. గాంట్రీకి రెండు వైపులా రెండు మోటార్లు ఉన్న రూటర్‌లో దీని ఫలితం కఠినంగా ఉంటుంది: ఒక డ్రైవర్ అలారంతో ఆగి, ఆ కబురు అందని రెండో డ్రైవర్ లాగుతూనే ఉంటే అడ్డ దూలం మెలిపడుతుంది. అలారం తీగలను మామూలు స్థితిలో మూసి ఉండి, ఇబ్బంది వస్తే తెరుచుకొనేలా వరుసగా కలిపితే, ఏ డ్రైవర్ ఆగినా, ఏ తీగ ఎలుక కొరికి తెగినా, యంత్రం ఆగుతుంది.

స్పిండిల్ బరువంతా మోసే నిలువు అక్షానికి బ్రేకు గల మోటారు వాడతారు. దానికి 24 వోల్టులు ఇస్తే వదులుతుంది, తీసేస్తే పట్టుకొంటుంది. డ్రైవర్ బ్రేకు బిందువు కొద్దిపాటి కరెంటునే మోయగలదు కనుక మధ్యలో రిలే పెట్టి, కాయిల్ ఆగేటప్పుడు ఎదురుతన్నే వోల్టేజీని మింగడానికి ఒక డయోడు తిరగేసి కలపాలి. బ్రేకు పట్టుకొనేందుకు పట్టే కొన్ని పదుల మిల్లీసెకన్లపాటు మోటారు బలం వదలకుండా ఉండే అమరిక కూడా చూసుకోకపోతే, ఆపిన ప్రతిసారీ కత్తి కొద్దిగా కిందికి దిగి చెక్కలో గుంట పెడుతుంది. ఇక ఎర్ర బటను. దాన్ని కంట్రోలర్‌కు ఒక సంకేతంగా మాత్రమే ఇచ్చి ఊరుకొంటే, కంట్రోలర్ కొయ్యబారిన రోజున బటను అలంకారంగా మిగులుతుంది. అది నొక్కితే కాంటాక్టర్ పడిపోయి డ్రైవర్ల ప్రధాన కరెంటు తెగాలి. నియంత్రణ కరెంటు మాత్రం ఉంటే ఏమి జరిగిందో తెర మీద చదువుకోవచ్చు.

తప్పు ఎక్కడుందో లెక్కే చెబుతుంది

వాలిన నామానికి ఇన్ని కారణాలు ఉండగా, ఏది అసలు కారణమో ఊహతో తేల్చనక్కరలేదు. చాలా డ్రైవర్లలో తమకు అందిన పల్సుల మొత్తాన్నీ, ఎన్‌కోడర్ చూపే స్థానాన్నీ విడివిడిగా తెర మీద చూపే సౌకర్యం ఉంటుంది. కత్తిని సున్నా వద్ద నిలిపి, రెండు అంకెలూ రాసుకొని, స్పిండిల్ తిరుగుతుండగా అదే ప్రోగ్రామును చెక్క లేకుండా గాలిలో నడిపి, తిరిగి సున్నాకు రప్పించాలి. అందిన పల్సుల అంకె మొదటి విలువకు రాకపోతే తప్పు తీగలోనో, దిశ విరామంలోనో, కంట్రోలర్ అమరికలోనో ఉంది. స్పిండిల్ ఆపి మళ్లీ నడిపితే అలజడి పాత్ర తేలుతుంది, వేగం తగ్గించి నడిపితే ఒంటితీగ ఆయాసం తేలుతుంది. రెండు అంకెలూ యథాస్థానానికి వచ్చి కత్తి మాత్రం రాకపోతే తీగలను వదిలి, మోటారునూ స్క్రూనూ కలిపే కప్లింగ్ మరను చూడాలి, ఎందుకంటే మోటారు వెనుక కూర్చున్న ఎన్‌కోడర్‌కు కప్లింగ్ అవతల జారుతున్నది కనిపించదు.

2003లో జర్మనీకి చెందిన బెక్‌హాఫ్ సంస్థ తెచ్చిన ఈథర్‌క్యాట్ వంటి పద్ధతులలో ఈ చిక్కు చాలావరకు లేదు. అక్కడ తట్లు లెక్కపెట్టే పని లేదు. ఎక్కడ ఉండాలో ఆ స్థానమే అంకెగా, సరిచూసుకొనే గుర్తుతో సహా, ఒకే నెట్‌వర్క్ కేబుల్ మీద సెకనుకు వెయ్యిసార్లో అంతకన్నా ఎక్కువో వెళుతుంది, ఒక కబురు చెడిపోతే తరువాతి కబురులో పూర్తి స్థానం మళ్లీ వస్తుంది. డ్రైవర్ కూడా తిరిగి జవాబిస్తుంది. అయితే పల్సు భాష మాత్రమే వచ్చిన డీఎస్పీ హ్యాండిల్‌కు అలాంటి డ్రైవర్ కలపడం కుదరదు, రెండూ కలిపి మార్చాలి. చెక్కపని షెడ్డులో నడుస్తున్న రూటర్‌కు అంత ఖర్చు పెట్టేముందు, పేనిన జంట కేబుల్ పది మీటర్లు కొని, షీల్డ్ క్లిప్పులు నాలుగు బిగించి, దిశ విరామం అంకెను ఒకసారి చూసుకోవడం చవకైన పని.